పోపుల డబ్బాలో గోలీలు

డిగ్రీ చేతికొచ్చిన ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక మందుల దుకాణంలో రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా చేరాను. మెట్రో దిగి, పాత పుస్తకాల దుకాణాలు దాటి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి లోపలికి నడిస్తే ఆ గల్లీ వస్తుంది. అటూ ఇటూ ఆడపిల్లల హాస్టళ్లు, నడుమ మా దుకాణం. రెండున్నరేళ్లు అక్కడ పనిచేసి మానేశాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో, ఇంటికి వెళ్లే రోగులకు మందుల వాడకం వివరించే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈ పనికి నన్ను తయారుచేసింది ఆ దుకాణంలో మొదటి రెండు నెలలే. అందులోని ఒక సంగతి రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను.

రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అంటే బయటివాళ్లకు పెద్దగా తెలియదు. దుకాణం ఎవరిదైనా కావచ్చు. ఫార్మసీ చదివి, కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి కౌంటర్‌లో ఉంటేనే డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు అమ్మాలి. ఆ మనిషి సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకు తగిలించాలి. నా సర్టిఫికెట్ గణపతి పటం పక్కన, సెలైన్ సీసాల పైన వేలాడేది. యజమాని ప్రసాద్ సార్‌ది గుంటూరు వైపు. బీకాం చదివి, ఇరవయ్యేళ్లుగా ఈ వ్యాపారంలోనే ఉన్నారు. మందుల పేర్లు నాకంటే ఆయనకే ఎక్కువ నోటికి వచ్చు. అయినా నేను లేని పూట చీటీ మందు ముట్టుకునేవారు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు మొదటి వారమే గౌరవం కలిగింది.

నాకు మాట తక్కువ. కౌంటర్ ఉద్యోగానికి అది మంచి గుణం కాదు. అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్నలను ఇంటికి వెళ్లాక డైరీలో రాసుకునేదాన్ని. మా ఇల్లు కర్మన్‌ఘాట్‌లో. ఆటోలో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో రోజంతా వచ్చిన మనుషులు ఒక్కొక్కరే గుర్తొచ్చేవారు. ‘చెవి పట్టుకుని వచ్చిన తాత చుక్కలు ఏ చెవిలో వేసుకుంటాడో అడగలేదు’ వంటి వాక్యాలు ఆ డైరీ నిండా ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట గ్యాస్ గోలీ.

చేరిన వారంలోనే గమనించాను. మా దుకాణంలో ఎక్కువగా కదిలేది జ్వరం మాత్ర కాదు, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ అని పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబం. కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోసే చిన్న పంపులుంటాయి. ఈ మందు వాటిని మూసేస్తుంది. పుండు మానడానికి, ఛాతీలోకి ఎగదన్నే మంటకు, నొప్పి మాత్రలు వాడేవాళ్ల కడుపును కాపాడటానికి డాక్టర్లు దీన్ని రాస్తారు. అట్ట మీద ఎర్రని పెట్టెలో, డాక్టర్ సలహా లేకుండా వాడవద్దనే హెచ్చరిక ఉంటుంది. ఆ పెట్టెను చదివిన మనిషిని నేను చూడలేదు. బిర్యానీ తిన్నా, పరీక్ష ఉన్నా, నిద్ర పట్టకపోయినా అదే గోలీ. ఎవరికి ఏ మందు రాసినా ‘దాంతో ఒక గ్యాస్ గోలీ’ అని వాళ్లే కలిపి అడిగేవారు.

నాకు ఈ మందు మీద కుతూహలం కలగడానికి వేరే కారణం ఉంది. ఆమ్లాన్ని ఆపే ఈ మందు ఆమ్లం తగిలితే తానే పాడైపోతుంది. అందుకే మాత్ర మీద ఒక ప్రత్యేకమైన పూత వేస్తారు. ఆ పూత కడుపులో చెక్కుచెదరదు, పేగులోకి దిగాక కరుగుతుంది. మందు అక్కడ నెత్తురులో కలిసి, తిరిగి కడుపు గోడకు చేరి పంపులను మూస్తుంది. ముందు గుమ్మంలోంచి దాటిపోయి, ఊరు చుట్టి వచ్చి పెరటి తలుపు తట్టినట్టు. పుస్తకంలో చదివిందే అయినా నమ్మబుద్ధి కాలేదు. గడువు తీరి పక్కన పెట్టిన రెండు మాత్రలు ప్రసాద్ సార్‌ను అడిగి తీసుకున్నాను. ఇంట్లో ఒకదాన్ని నిమ్మరసంలో, ఒకదాన్ని వంటసోడా నీళ్లలో వేసి గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సోడా నీళ్లలోది గంటలోపే ఉబ్బి విచ్చుకుంది. నిమ్మరసంలోది వేసినట్టే ఉంది. అమ్మ వచ్చి, పెండ్లి చూపులకు రమ్మంటే తీరిక లేదు గానీ గోలీలకు స్నానం పోసేందుకు ఉందా అని అడిగింది.

ఆ మందుకు ఇంకో షరతు ఉంది. పంపులు పనిలోకి దిగేది అన్నం లోపలికి వచ్చినప్పుడే. పనిలో ఉన్న పంపులనే ఈ మందు మూయగలదు. అందుకే తినడానికి అరగంట ముందు, ఖాళీ కడుపున వేసుకోవాలి. మన దగ్గర మాత్రం ఏ ఇంట్లోనైనా మొదట చెప్పే మాట, ఖాళీ కడుపున గోలీ వేసుకోవద్దని. మా అమ్మా అదే అంటుంది. ఏ గోలీకైనా ముందు రెండు ముద్దలు తినమంటుంది. తక్కిన చాలా మందులకు మంచిదే అయిన ఆ అలవాటు ఈ ఒక్క మందును సగం దండగ చేస్తుంది.

ఇక కత్తెర సంగతి. మా దగ్గర పూర్తి అట్ట కొనేవాళ్లు తక్కువ. మూడో నాలుగో కత్తిరించి ఇవ్వమంటారు. కత్తిరించడానికి ఒక పద్ధతి ఉంది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చువేసిన చివర ఎప్పుడూ దుకాణంలోనే మిగలాలి. లేకపోతే మిగిలిన మాత్రలకు గడువు ఎప్పుడో మనకే తెలియదు, తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చూపడానికీ ఉండదు. కాబట్టి అవతలి చివర నుంచి కోయాలి. మొదటి రోజే సార్ నా చేతికి కత్తెరిచ్చి ఇది నేర్పారు. పద్ధతి సరైనదే. కాకపోతే కొన్నవాళ్లకు వెళ్లే ముక్క మీద చాలాసార్లు మందు పేరు సగమే ఉంటుంది, లేదా అసలే ఉండదు. దీని గురించి నేను ఆలోచించలేదు.

జూన్ రెండో వారంలో యాదమ్మ వచ్చింది. మా దుకాణానికి నాలుగు గేట్ల అవతల ఉన్న ఆడపిల్లల హాస్టల్‌లో వంటమనిషి. యాభై దాటి ఉంటుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి పదేళ్లయిందట. అరవై మంది పిల్లలకు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి అన్నం ఆమె చేతి మీదే నడిచేవి. ఉండటం కూడా హాస్టల్‌లోనే, వంటగది పక్క గదిలో. చేతులకు పసుపు, కొంగుకు తడి లేకుండా ఆమెను నేను చూడలేదు.

“పచ్చ గోలీలు నాలుగియ్యి బిడ్డా, తెల్లయి ఎనిమిది” అనేది. పచ్చవి పాంటోప్రజోల్, తెల్లవి మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్. తెల్లవాటికి ఎప్పటిదో ఒక చీటీ ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. నాలుగు రోజులకోసారి వచ్చేది. డైరీలో జూన్ నెల పుటల్లో ఆమె మూడు చోట్ల కనిపిస్తుంది. జూలై మొదటి వారంలో ఇలా ఉంది: ‘యాదమ్మ మూడు మెట్లెక్కి కౌంటర్ పట్టుకుని నిలబడింది. ఊపిరి అందాక మాట్లాడింది. ఎందుకో అడగలేదు.’ మా ప్రాంతపు బోనాల మరునాడు, సోమవారం, ఇంకోటి: ‘యాదమ్మ ఐరన్ గోలీలు కొన్నది. నీరసమని ఎల్‌బీ నగర్‌లో చెల్లెలింటి దగ్గరి డాక్టర్ రాశాడట. మొదటిసారి.’

జూలై చివరి మంగళవారం పదకొండు గంటలప్పుడు మళ్లీ వచ్చింది. ఆ వేళకు రావడం కొత్త. అన్నం వార్చే సమయమది.

“గీ పచ్చయి పని చేస్తలేవు బిడ్డా. జర పవరున్నయి ఇయ్యి. కడుపుల నిప్పులు పోసినట్టున్నది.”

ప్రసాద్ సార్ లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే, “నీ కూరలో కారం తగ్గించు యాదమ్మా, పవరు దానంతటదే వస్తుంది” అన్నారు.

“నా కారం నీకేమెరుక సారు? ముద్దపప్పు తిని బతికెటోనివి” అంది. నవ్వబోయి ఆగి, కౌంటర్ అంచు పట్టుకుంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. గోళ్లు కూడా. పసుపు అంటిన వేళ్లకు తెల్లటి గోళ్లు.

పచ్చవి ఉంచే డబ్బాలోనే ఎక్కువ మోతాదువి ఉన్నాయి. చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. తీసి ఇవ్వడం మాటలాడటం కంటే తేలిక. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. గోళ్ల వల్లనే అనుకుంటాను. ఆమె ఇంకా ఏమేం మింగుతోందో చూస్తే తప్ప ఇవ్వలేనని చెప్పాను. గదిలో ఉన్న గోలీలన్నీ పట్టుకురమ్మన్నాను.

“అన్ని ఏంటికి? పచ్చయి అడిగితి, పచ్చయి ఇయ్యి.”

“ఒక్కసారి తే పెద్దమ్మా. చూసి ఇస్తా.”

గొణుక్కుంటూ వెళ్లి, పావుగంటలో పోపుల డబ్బాతో వచ్చింది. ఏడు గిన్నెలున్న గుండ్రటి స్టీలు డబ్బా. ప్రసాద్ సార్ అది చూసి కళ్లద్దాలు తీశారు. “ఏంటి యాదమ్మా, నా కొట్లో తాలింపు పెడతావా?”

“పెడ్తా. ముందుగల్ల నీ నోటికి పెడ్తా.”

మూత తీసింది. ఏడు గిన్నెల్లోనూ గోలీలే. అట్ట ముక్కల్లో ఉన్నవి, విడిగా ఉన్నవి. ఆమె వేలు పెట్టి ఒక్కో గిన్నె పేరు చెప్పింది. ఇది మోకాలు గోలీ. ఇది నడుం గోలీ. ఇది మంట గోలీ. ఇది గ్యాస్ గోలీ. ఇది రక్తం గోలీ. ఇది బీపీది. ఏడోదాంట్లో పిల్లలెవరో ఇచ్చిన జ్వరం మాత్రలు.

చదువు రాని మనిషి ఇంత పకడ్బందీగా మందులు పెట్టుకోవడం చూసి నాకు ముందు ముచ్చటేసింది. జీలకర్ర, ఆవాలు చూడకుండా చేతికందినట్టు ఆమెకు గోలీలు అందుతాయి. తర్వాత ఒక్కో ముక్క తీసి వెలుతురులో పెట్టి చూశాను. రేకు వెనక మిగిలిన అరకొర అక్షరాలు, మాత్ర మీది గుర్తు, రంగు. మా ర్యాకులో ఉన్న అట్టలు తెచ్చి పక్కన పెట్టి పోల్చాను. కొన్ని తేలడానికి అరగంట పట్టింది. సార్ ఈలోగా వచ్చినవాళ్లకు చీటీ అక్కర్లేనివి మాత్రమే ఇచ్చి పంపుతున్నారు. యాదమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని, బియ్యం నానుతున్నాయని రెండుసార్లు చెప్పింది.

మోకాలు గోలీ డైక్లోఫెనాక్, మా దుకాణానిది. నడుం గోలీ ఎసిక్లోఫెనాక్, ఎల్‌బీ నగర్‌లో చెల్లెలింటి దగ్గరి దుకాణంలో అడిగి కొన్నది. రెండూ ఒకే జాతి నొప్పి మందులు, అన్నదమ్ముల్లాంటివి. ఏదైనా ఒక్కటే వాడాలి. ఒక్కదానికే కడుపు లోపలి పొరను గీరే గుణం ఉంది. ఆమె రెండూ రెండు పూటలా వేసుకుంటోంది. మోకాలికి వేసిన గోలీ మోకాలికీ, నడుముకు వేసింది నడుముకీ పోతుందని ఆమె నమ్మకం. మంట గోలీ పాంటోప్రజోల్, మాది. గ్యాస్ గోలీ రాబెప్రజోల్‌కు వాంతి ఆపే మందు కలిపిన క్యాప్సూల్, ఎల్‌బీ నగర్‌ది. అవీ ఒకే పని చేసేవే. ఏ ముక్క మీదా పూర్తి పేరు లేదు. అందులో మావి ఏవో నాకు తెలుసు. కోసిన చెయ్యి నాదే.

మంట గోలీ ఎప్పుడు వేసుకుంటావని అడిగాను.

“అన్నం తిన్నంక.”

“అన్నం ఎప్పుడు తింటవ్?”

“పిల్లలంత తినిపోయినంక. మూడు, మూడున్నర.”

“పొద్దున?”

“పొద్దున తినుడేంది? ఉప్పు సూసుడే సరిపోతది.”

నాలుగున్నరకు లేచి ముందు టీ పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఉప్మా రుచి, చట్నీ రుచి, సాంబారు రుచి. పదకొండింటికి పప్పు, కూర. అరచేతిలో చుక్క వేసుకుని నాకడం. అలా పొద్దున నుంచి మూడు దాకా ఆమె కడుపు ఎప్పుడూ నిండుగా ఉండదు, ఎప్పుడూ ఖాళీగానూ ఉండదు. నొప్పి గోలీలు మాత్రం పొయ్యి దగ్గర నిలబడటానికి పొద్దున్నే పడతాయి. ‘ఆహారానికి ముందు’ అని మేం కవరు మీద గీసే గుర్తుకు ఆమె రోజులో చోటే లేదు. కాలేజీలో మాకు ఈ పాఠం చెప్పినవారెవరూ వంటమనిషిని దృష్టిలో పెట్టుకుని చెప్పలేదు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. అది అడగడం నాకు చాలా కష్టమైంది. కౌంటర్ దగ్గర హాస్టల్ పిల్లలు ఇద్దరు, ఎవరో పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు. నా అలవాటు ప్రకారం కాగితం మీద రాసి ఇద్దామని పెన్ను తీశాను. ఆమెకు చదువు రాదని అప్పుడు గుర్తొచ్చింది. కౌంటర్ పలక ఎత్తి బయటికి వచ్చి, పీట పక్కన కూర్చుని, దొడ్డికి ఏ రంగులో అవుతోందని అడిగాను.

“గదేం అడుగుడే పోరి!” అని గల్లీ అంతా వినబడేలా అంది. “నల్లగ ఒస్తది. ఐరన్ గోలీ ఏసుకుంటే గట్లనే ఒస్తదని డాక్టరే చెప్పిండు. నువ్వు సదువుకోలేదా?”

ఆ మాట నిజమే. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. భయపడాల్సింది లేదు. కడుపులో పుండు నుంచి నెత్తురు కారినా నల్లబడుతుంది. నెత్తురు ఆమ్లంలో మాడి తారులా, జిగటగా, విపరీతమైన వాసనతో వస్తుంది. రెండూ నలుపే. ఆ డాక్టర్ చెప్పింది తప్పు కాదు. ఆయన ముందు ఉన్నది ఐరన్ గోలీ ఒక్కటే. ఈ ఏడు గిన్నెల డబ్బా ఆయన చూడలేదు.

“నల్లగ రావుడు ఎప్పటిసంది పెద్దమ్మా?”

ఆమెకు తేదీలు ఉండవు, వంటలు ఉంటాయి. కాసేపు ఆలోచించి, కొత్త పిల్లలు వచ్చి హాస్టల్ నిండిన వారం అంది. ఆ వారం పిల్లలకు ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే రెండు రోజులు వరుసగా పూరీ చేసింది. ఆ పూరీల నూనె పడక అట్లా అవుతోందని అప్పుడు అనుకుందట. అంటే జూన్ నెల.

ఐరన్ గోలీలు మొదలైంది బోనాల మరునాడు. నా డైరీలో ఉంది. నలుపు ముందు వచ్చింది, ఐరన్ తర్వాత వచ్చింది.

ఆ క్షణంలో నాకు భయం కంటే ముందు, లెక్క తేలినప్పుడు కలిగే తృప్తి లాంటిది కలిగింది. అది దాచడం ఎందుకు, రాస్తున్నాను. వెంటనే ఆ తృప్తి పోయింది. నీరసం, ఆయాసం, గోళ్ల తెలుపు, అన్నీ ఒక వరసలోకి వచ్చాయి. నెత్తురు నెలకు పైగా పోతోంది. రెండు నొప్పి మందులు పుండును పెంచుతున్నాయి. రెండు గ్యాస్ గోలీలు వేళ తప్పి పడుతూ, పుండును మాన్పేంత కాకుండా మంటను మరిపించేంత మాత్రమే పనిచేశాయి. మంట తగ్గిన రోజు బాగుందనుకుంది, పెరిగిన రోజు ఇంకోటి వేసుకుంది. ఇప్పుడు నేను పవరున్నవి ఇస్తే ఇంకో నాలుగు రోజులు బాగుందనుకునేది.

దవాఖానకు ఇప్పుడే పోవాలని చెప్పాను. ఆమె లేచి డబ్బా మూత పెట్టేసింది.

“ఇప్పుడా? అరవై మందికి బువ్వ ఎవలొండుతరు, నువ్వా? మొన్న రెండు దినాలు పండుకుంటేనే మేడం అన్నది, ఇంకోసారి పండుకుంటే వేరేటామెను పెట్టుకుంట అని. ఆ పనే నాకు ఇల్లు బిడ్డా. పని పోతే ఎక్కడ పండాలె?”

ఆమె భయం నిజమైనదే. ప్రసాద్ సార్ వైపు చూశాను. మామూలుగా ఇలాంటప్పుడు, మనం డాక్టర్లం కాదమ్మాయ్, అడిగింది ఇచ్చి పంపెయ్ అనేవారు.

“అమ్మాయ్, నువ్వు చెప్పేది ఖాయమేనా?”

ఖాయం కాదని, పరీక్ష చేస్తేనే తెలుస్తుందని, కానీ ఆగితే తెలుసుకునే వ్యవధి ఉండకపోవచ్చని చెప్పాను.

ఆయన ఆమె వైపు తిరిగారు. “యాదమ్మా, పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడితే ఆ సాంబారు గిన్నె మీదే పడతావు. అప్పుడు మేడం ఎట్లాగూ వేరే మనిషినే పెడుతుంది. లే.” తర్వాత నాతో, “నువ్వు వెంట వెళ్లు. అక్కడ వాళ్లకి ఇదంతా చెప్పేదెవరు?” అన్నారు.

నేను వెళ్తే దుకాణంలో ఫార్మసిస్టు ఉండరు. ఆయన షట్టర్ సగానికి దించి, మధ్యాహ్నం మూడింటికి తెరుస్తామని అట్ట ముక్క మీద రాసి తగిలించారు. మంగళవారం పట్టపగలు ఆ గల్లీలో మా షట్టర్ దిగడం అదే మొదటిసారని పక్కనున్న జిరాక్స్ దుకాణం ఆయన తర్వాత చెప్పాడు.

ఆటోలో మలక్‌పేట వైపు పోతున్నంతసేపూ యాదమ్మ ఒడిలో పోపుల డబ్బా ఉంది. బియ్యం నానబెట్టి వచ్చానని, పొయ్యి మీద పప్పు ఉందని, మేడంకు ఫోన్ చేయమని చెప్పింది. చేశాను. మేడం నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. మూడూ వంట గురించే.

ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ డబ్బా మూత తీసి, నా కాగితం చదివి, కింది రెప్ప లాగి చూసి, కుర్చీలోంచి లేచారు. కాగితంలో నేను గిన్నెల వరసలో మందుల పేర్లు, వేసుకునే వేళలు, నలుపు ఎప్పుడు మొదలైందో, ఐరన్ ఎప్పుడు మొదలైందో రాసి ఇచ్చాను. నెత్తురు బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది. అదే రోజు నెత్తురెక్కించారు. మరునాడు నోటి గుండా కెమెరా గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాని అంచున కారుతున్న చోటు కనిపించాయి. పుండుకు కారణమయ్యే సూక్ష్మజీవి కూడా ఉందని తేలడంతో దానికి రెండు వారాల మందులు రాశారు. నొప్పి గోలీలు రెండూ మాన్పించారు. గ్యాస్ గోలీ మాత్రం ఒక్కటే రకం, ఒక మోతాదుతో, ఇన్ని వారాలని ముగింపు తేదీ వేసి రాశారు. అదే మందు. ఈసారి అది పుండు మాన్పడానికి.

ఇంటికి పంపించాక ఆమె చెల్లెలితో కలిసి చీటీ పట్టుకుని మా దగ్గరికే వచ్చింది. ముగ్గురం కూర్చుని ఆమె పొద్దును మళ్లీ కట్టాం. లేవగానే మంచినీళ్లతో గోలీ. నమలకూడదు, నూరకూడదు. ఆ పూత సంగతి చెప్పడానికి నిమ్మరసం కథ చెప్పాను. “గోలీకి గూడ రెయిన్‌కోటా!” అని చెల్లెలు నవ్వింది. తర్వాత అరగంట పొయ్యి ముట్టించకూడదు. టీ లేదు, ఉప్పు చూడటం లేదు. ఆ అరగంటలో ఉల్లిగడ్డలు, మిర్చి కోసుకోవాలి, బియ్యం కడగాలి. ఆ తర్వాత పొయ్యి, ముందు తనకు రెండు ఇడ్లీలు, అప్పుడు పిల్లలకు రుచి. “ముందుగల్ల కోసుడు, ఎనక పొయ్యి” అని రెండుసార్లు అనుకుని ఖాయం చేసుకుంది. పోపుల డబ్బాలో ప్రతి గిన్నెకూ ఒక చీటీ అంటించాను. చదవలేదు కాబట్టి బొమ్మలు. గ్యాస్ గోలీ గిన్నెకు పొడుస్తున్న సూర్యుడు, కింద ఖాళీ పళ్లెం. చీటీ అంచున ఇంగ్లిషులో మందు పూర్తి పేరు, ఆమెకు కాదు, తర్వాత చూసే డాక్టర్‌కు.

హాస్టల్ పని పోయింది. మేడం వారం రోజులు చూసి వేరే మనిషిని పెట్టుకుంది. యాదమ్మ రెండు నెలలు ఎల్‌బీ నగర్‌లో చెల్లెలింట్లో ఉండి, కొత్తపేటలో చిన్న హాస్టల్‌లో చేరింది. ఇరవై మంది పిల్లలు, తక్కువ జీతం. జూలై మొదటి వారంలో ఆమె మెట్ల దగ్గర ఊపిరి కోసం ఆగినప్పుడే నేను అడిగి ఉంటే ఆ నెత్తురులో కొంత, బహుశా ఆ పని కూడా, మిగిలేవి. నేను ఆ రోజు డైరీలో రాసుకున్నాను. డైరీ ఆమెకు మూడు వారాల తర్వాత పనికొచ్చింది.

మందు ముగిసిన వారానికి మళ్లీ వచ్చింది. మంట మళ్లీ మొదలైందని, పచ్చ గోలీ ఇమ్మని. ఇదీ ఈ మందులో వింతే. చాలాకాలం మూసి ఉంచిన పంపులు తెరుచుకోగానే కొన్నాళ్లు ఎక్కువ ఆమ్లం పోస్తాయి. రోగం తిరగబెట్టిందనుకుని జనం మళ్లీ మొదలుపెడతారు, అలా ఏళ్లు గడుస్తాయి. ఏళ్ల తరబడి అవసరం లేకుండా వాడితే శరీరం బి12 వంటివి సరిగా తీసుకోలేదు, ఆమె వేసుకునే ఐరన్ కూడా. అయితే ఆమె విషయంలో అది వట్టి పంపుల పనో, పుండు పనో కౌంటర్ దగ్గర నేను తేల్చకూడదు. ముందు నలుపు గురించి అడిగాను. ఈసారి ఆమె అరవలేదు. “లేదు బిడ్డా, ఐరన్‌ది ఉంటది గదా, గంతే. జిగట లేదు, వాసన లేదు” అని నిపుణురాలిలా చెప్పింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమెను ఒకసారి తీసుకొచ్చి చూపించమన్నారు. చూసి, పది రోజులు అవసరమైనప్పుడు ఆమ్లాన్ని విరిచే సిరప్‌తో సరిపెట్టమన్నారు. సరిపోయింది.

ప్రసాద్ సార్ కత్తెర పద్ధతి మార్చలేదు. మార్చడానికి వీల్లేదు, గడువు తేదీ దుకాణంలో ఉండాల్సిందే. చిన్న కాగితపు కవర్లు తెప్పించి, కోసిన ప్రతి ముక్కనూ అందులో వేసి, మందు పేరు, ఎందుకు, తిండికి ముందా తర్వాతా, ఎప్పటిదాకా అని రాసి ఇవ్వాలన్నారు. రాసే పని నాది. వరస పెరిగిన రోజు విసుక్కునేవారు గానీ కవరు లేకుండా ఇవ్వనిచ్చేవారు కాదు.

చివరిసారి ఆమె డబ్బా తెచ్చినప్పుడు సూర్యుడి బొమ్మ ఉన్న గిన్నె ఖాళీగా ఉంది. దాన్ని ఏం చేయాలని అడిగింది. అలాగే ఉంచమన్నాను. పోపుల డబ్బాలో ఖాళీ గిన్నె ఉంచకూడదని, మెంతులు పోసుకుంటానని అంది.

ఆ రెండు నెలల్లో నేర్చుకున్నది కొద్దే. కడుపు మందు అడిగిన మనిషిని, దాంతోపాటు ఇంకా ఏమేం మింగుతున్నారని అడగాలి. తిండికి ముందు వేసుకోమని చెప్పే ముందు ఆ మనిషి ఎప్పుడు తింటారో తెలుసుకోవాలి. మలం రంగు గురించి నోరు తెరిచి అడగాలి, ఏది ముందు వచ్చిందో కూడా. మందు మొదలుపెట్టే రోజుతో పాటు ఆపే రోజు కూడా కవరు మీద ఉండాలి. ఇవి నేనిప్పుడు ఆసుపత్రి బల్ల దగ్గర రోజూ అడుగుతాను. అడిగాకే డైరీలో రాసుకుంటాను.